మొహం వరకే

"ఇంకొంచెం పైకెత్తరా... చాలు చాలు. మొహం వరకే పడాలి."

తల్లి మంగాయమ్మ చెప్తా ఉంటే వీరబాబు ఫోన్ని అరుగు మీద బియ్యం డబ్బాకి ఆనించి, జారిపోకుండా ముందు ఒక కొబ్బరికాయ అడ్డం పెట్టేడు. ఎదురుగా అతని కూతురు హారిక బాసింపట్టు వేసుక్కూర్చుంది. కుడి చేతికి మోచెయ్యి పై నుంచి అరచేతి దాకా పిండికట్టు. ఒళ్ళో దిండు, దిండు మీద ఆ చెయ్యి, చెయ్యి మీద మామ్మ పాత చీర. ఫోన్లో చూసేవాళ్ళకి మాత్రం ఇదేం లేదు. రెండు జడలేసుకుని పౌడరు రాసుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల మొహం, వెనకాల సున్నం గోడ, అంతే.

చెయ్యి విరిగిన కాణ్ణుంచీ ప్రతి శుక్రవారం ఇదే వరస. శుక్రవారం అయితే కువైట్లో హారిక వాళ్ళమ్మ దుర్గ పనిచేసే ఇంటివాళ్ళందరూ మేడం పుట్టింటికి భోజనానికి పోతారు, ఆ కాసేపూ వంటిల్లు దుర్గది, ఫోను దుర్గది. ఇక్కడ హారిక బడి నుంచి రావడం, అక్కణ్ణుంచి ఫోను మోగడం ఒకేసారి.

విరగడం కూడా పెద్ద కథేం కాదు. ఇంటి ముందు బోదె కాలవ, బోదె దాటడానికి కొబ్బరి దుంగ, దుంగ వానకి నాని పాచిపట్టి ఉంది, పిల్ల సంచీతో సహా పరిగెత్తుకొచ్చింది, కాలు జారింది, చెయ్యి ఆనించింది. అమలాపురంలో ఎముకల డాక్టరమ్మ గారు ఎక్సురే ఫోటో తీయించి కట్టేసి పంపేరు. ఆ రాత్రే మంగాయమ్మ తేల్చేసింది. "దుర్గకి చెప్పకు. చెప్తే అక్కడ కూర్చుని ఏడవడం తప్ప అదేం చేస్తది? కట్టు విప్పేక చెప్దాం."

ఆ వీధిలో గల్ఫులో మనిషున్న ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి. జొరం తగ్గేక చెప్తారు, ఆపరేషన్ అయ్యేక చెప్తారు. దుర్గకి కువైట్లో పని చూసిపెట్టింది అదే వీధిలో బంగారమ్మ గారి కొడుకు, అతనికైతే సొంత తండ్రి పోయిన సంగతి దినాలు కూడా అయిపోయేకే చెప్పేరు. ఎవరూ తప్పనుకోలేదు. ఆ కొడుకు కూడా అనుకోలేదు.

ఫోను మోగింది. తెర మీదికి దుర్గ మొహం వచ్చింది, ఎంత దగ్గరగా అంటే నుదురు సగం కనపడకుండా.

"అమ్మలూ! జడలెవరేసేరే?"

"మామ్మ. నీ జడేదమ్మా?"

"వంటింట్లో ఉక్కే, క్లిప్పెట్టి వదిలేత్తన్నా." దుర్గ ఎడం చేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది. "ఏం తిన్నావు మద్దేన్నం?"

"బళ్ళో గుడ్డేసేరు."

"బావా, ఇలా రా, నువ్వూ విను," అంది దుర్గ. వీరబాబు మొహం కూడా తెరలో దూర్చేడు. "ఇక్కడే ఉండే మామిడికుదురు మెర్సీ ఊరొత్తంది. దాని చేత పిల్లకి గౌను పంపేను. తెల్ల గౌను, చేతులు పొడుగ్గా, మణికట్టు దగ్గర ముత్తెం గుండీలు. వచ్చే శుక్రవారం అది వేసుకుని నా ముందు గిర్రున తిరగాలి, తెలిసిందా? ఫోను దూరంగా పెట్టండి. ఎప్పుడు చూసినా మొహమే చూపిత్తన్నారు. నా పిల్ల ఎంత పొడుగయ్యిందో చూసుకోవద్దా నేను?"

హారిక మామ్మ వైపు చూసింది. మామ్మ వీరబాబు వైపు చూసింది. వీరబాబు ఫోను వైపు చూసి, "ఆయ్, అలాగే," అన్నాడు. ఇంకేమంటాడు.

*

గౌను బుధవారానికే వచ్చేసింది. మెర్సీ తమ్ముడు బండి మీద తెచ్చి ఇచ్చి వెళ్ళేడు. మంగాయమ్మ కవర్లోంచి తీసి, మడత విప్పకుండానే వేళ్ళతో తడిమి, "పట్టులా ఉందిరా," అంది. చెయ్యి మటుకు కొలిచి చూసింది. గౌను చెయ్యి హారిక చేతికి సరిగ్గా పట్టేంత ఇరుకు. పిండికట్టు కాదు కదా, కట్టు మీది దూది కూడా పట్టదు.

మర్నాడు అంబాజీపేటలో, కొబ్బరికాయలు వలిచి లారీలకెత్తే కమతంలో, కాయలు వలుస్తున్నంతసేపూ వీరబాబు బుర్రలో ఆ గౌను చెయ్యే తిరుగుతోంది. నేలలో పాతిన గునపం మొన మీద కాయని దించుతాడు, ఒక విరుపు, తిప్పి ఇంకో విరుపు, డొక్క ఊడొచ్చి పక్కన పడుద్ది. పైన పిలక మాత్రం ఉంచాలి. కాయ కళ్ళ మీద టోపీలాగ ఆ పీచు పిలక ఉంటేనే లారీలో ఎన్ని రాష్ట్రాలు దాటినా కాయ పాడవకుండా ఉంటది, పిలక తెగితే కన్నులోంచి గాలి దూరి కుళ్ళిపోద్ది. వీరబాబు చేతిలో పిలక తెగిన కాయ గానీ, పెంకు మీద గీత పడ్డ కాయ గానీ ఆ కమతంలో ఎవరూ చూళ్ళేదు. లారీ మేస్త్రీ వీరబాబు రాశి తిరగెయ్యకుండానే ఎక్కించేస్తాడు, అంత నమ్మకం.

పక్క గునపం దగ్గర సూరిబాబు. వరసకి బావ.

"ఏంటి బావా, కాయతో మాట్లాడుకుంటన్నావు? అది నీ మాట వినదు, నీ పెళ్ళాం కాదు."

"నా పెళ్ళాం మాత్రం వింటదా?" అన్నాడు వీరబాబు. అని, సంగతంతా చెప్పేడు, గౌనూ, గుండీలూ, గిర్రున తిరగడమూ.

సూరిబాబు గునపం మీంచి కాయ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "విప్పెయ్ బావా. పిల్లల ఎముక. మా మేనకోడలికి కాలిరిగితే నెల తిరక్కుండా గోడ దూకింది. డాక్టర్లు ఎప్పుడూ రెండు వారాలు ఎక్కువే చెప్తారు, ఆళ్ళ జాగర్త ఆళ్ళది."

"తొందరగా అతుకుద్ది అని డాక్టరమ్మ గారే అన్నార్లే."

"మరింకేం! ఆవిడ నోటితో ఆవిడే అన్నాక!"

అన్న మాట నిజమే. తొందరగా అతుకుద్ది అన్నారు, ఆ వెనకాలే ఎప్పుడు రమ్మన్నారో, అందాకా ఏం చెయ్యొద్దన్నారో కూడా చెప్పేరు. వీరబాబుకి మొదటి మాట ఒక్కటీ గట్టిగా గుర్తుంది.

సాయంత్రం ఇంటికొచ్చి స్నానం కూడా చెయ్యకుండా బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోయించేడు. హారిక చెయ్యి అందులో ముంచేడు. పిండికట్టు మొదట ఏమనలేదు, కాసేపటికి అంచు తెల్లగా పాలలా కరగడం మొదలెట్టింది. అంచు దగ్గర గోరుతో ఎత్తి, దారి దొరగ్గానే ఇంక కత్తితో పనే లేదు, ఒక్కో పొరా ఒక్కో పొరా డొక్క తీసినట్టు తీసుకుంటూ పోయేడు. ఎక్కడా లాగలేదు, ఎక్కడా గుంజలేదు. "నొప్పా?" అంటే "చక్కిలిగింత," అంది హారిక. కాయకి గీత పడకుండా వలిచే చేతులు అవి, పిల్ల చేతికి మాత్రం పడనిస్తాయా.

దూది కూడా తీసేసరికి లోపల్నుంచి చెయ్యి బయటపడింది. సన్నగా, పాలిపోయి, పొట్టు రాలతా.

"ఛీ, ఎండుచేప కంపు!" అంది హారిక ముక్కు మూసుకుని. ముగ్గురూ నవ్వేరు.

మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయింది గానీ వేళ్ళన్నీ ఆడించింది. వీరబాబు మణికట్టు పైన బొటనవేలితో మెల్లిగా తడిమేడు. చర్మం కింద చిన్న బొడిపె, రేగ్గింజంత, తగిలింది.

"ఇదేంటమ్మా?"

మంగాయమ్మ కూడా తడిమి చూసింది. "అదేరా అతుకు. గట్టిగా పట్టేసింది."

వీరబాబుకి గుండెల మీద బరువు దిగినట్టయ్యింది. కొబ్బరినూనె తెచ్చి పిల్ల చెయ్యంతా రాసేడు.

*

శుక్రవారం ఫోన్ని అరుగు మీద కాదు, వాకిట్లో స్టూలు మీద పెట్టేరు. అదే బియ్యం డబ్బా, అదే కొబ్బరికాయ. హారిక బాదం చెట్టు కింద నుంచుంది. తెల్ల గౌను, ముత్తెం గుండీలు, చెవులకి లోలాకులు. మెర్సీ కవర్లో ఒక మూల దూర్చి పంపిన మెరుపుల హెయిర్‌బేండు కూడా పెట్టేసుకుంది.

"తిరుగే! తిరుగు తల్లీ!"

తిరిగింది. గౌను గొడుగులా లేచింది. ఇంకోసారి తిరిగింది. కువైట్లో దుర్గ నవ్వుతా నవ్వుతా ఏడుపులో పడి, ఎడంచేతి మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎంత పొడుగయ్యిందో చూడు బావా. అత్తా, నా కన్నే తగిలేలా ఉంది, దిష్టి తియ్యి." ఆగి, "కుడి చెయ్యేంటే అలా మడిచి పెట్టుకున్నావు?" అంది.

"స్టైలు," అంది హారిక.

దుర్గ నవ్వింది. నవ్వేక కూడా ఇంకో క్షణం అటే చూసింది, ఏదో అడగబోయినట్టు నోరు తెరిచింది, అక్కడెక్కడో గంట మోగితే, "గేసోడొచ్చేడు, ఉంటాను," అని పెట్టేసింది.

గట్టెక్కేం అనుకున్నారు. మంగాయమ్మ ఆ సంతోషంలో పిల్లకి చెట్టు కిందే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆ ముద్దల్లో ఒకటి గౌను మీద పడింది, పప్పుచారు మరక. "అమ్మో, అమ్మ గౌను!" అని హారిక బోరింగు దగ్గరికి పరిగెత్తింది. బకెట్టు పెట్టింది. హేండిలు పైకెత్తింది, అలవాటు కొద్దీ రెండు చేతులూ దాని మీద వేసి, ఒంటి బరువంతా కిందికి ఒత్తింది.

గట్టిగా అరవలేదు. "నాన్నా," అని ఒక్కసారే పిలిచింది. ఆ పిలుపు విని వీరబాబు వెళ్ళేసరికి ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకుని నుంచుంది. మణికట్టు పైన, ముందు రోజు తడిమిన చోటే, గౌను చెయ్యి కింద వంపు తెలుస్తోంది.

ముత్తెం గుండీలు విప్పడానికి రాక మంగాయమ్మ వాటిని పళ్ళతో కొరికి తెంపేసింది.

*

"ఎవరండీ విప్పింది?"

డాక్టర్ క్రిస్టీనా గారు ఫోటోని దీపం పెట్టెకి తగిలించి అటే చూస్తా అడిగేరు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర.

"నేనేనండి," అన్నాడు వీరబాబు.

"అడ్డంగా కోసేరా, నిలువుగానా?"

"కోయలేదండి. నానబెట్టి వలిచేనండి."

"వలిచేరా!" ఆవిడ కళ్ళజోడు తీసి వీరబాబుని ఎగాదిగా చూసేరు. "ఏం పని చేస్తారండీ మీరు?"

"కొబ్బరి వలుపండి. అంబాజీపేట."

"అదీ సంగతి." ఆవిడ నవ్వలేదు. "ఇలా రండి. ఇది చూడండి. పిల్లల ఎముక ఎండుపుల్లలాగ పుటుక్కున విరగదండి. పచ్చి కొబ్బరి మట్టని వంచితే ఏమవుద్ది? ఒక పక్క చీలుద్ది, ఇంకో పక్క వంగుద్ది. మీ అమ్మాయికి మొదట అయ్యింది అదే. అలా విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుద్ది, దాంట్లోంచి మెత్తటిది ఒకటి పుడుద్ది, లేత కొబ్బరి ఉంటది చూడండి, అలాగన్నమాట. అది ముదిరి, ముదిరి, చివరికి పెంకంత గట్టిగా అవ్వాలి. మీరు విప్పేసరికి ఇంకా లేతగానే ఉంది. లేత కొబ్బరిని వేలు పెట్టి నొక్కితే ఏమవుద్దండీ?"

"దిగిపోద్దండి."

"మరి బోరింగు కొట్టింది కదా పిల్ల!"

వీరబాబు తల దించుకున్నాడు. దించుకునే అన్నాడు. "పిలక తెంపేసేనండి."

"ఏంటండీ?"

"కాయకి పిలక ఉంచుతామండి, దారిలో పాడవకుండా. అది తెంపేసేనండి నేను."

ఆవిడకి ఎంతవరకు అర్థమైందో గానీ గొంతు కొంచెం తగ్గింది. వీరబాబు అసలు భయం అప్పుడు బయటపెట్టేడు. "ఆపరేషనాండి? చెయ్యి వంకరైపోద్దాండి? ఆడపిల్లండి."

"ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఎముక ఒకటేనండి. ఆపరేషన్ అక్కర్లేదు. కొంచెం సరిచేసి మళ్ళీ కట్టేస్తాను. అయినా కాస్త వంపు ఉండిపోద్ది, చూసి బెంగపెట్టుకోవద్దు." ఆవిడ పెన్నుతో ఫోటో మీద చూపించేరు. "మణికట్టు దగ్గర ఈ నల్ల గీత కనపడుతోందా? ఇది విరిగింది కాదు. ఎదిగే పిల్లలందరికీ ఉంటది. ఎముక పొడుగయ్యేది ఇక్కణ్ణుంచే. విరిగింది దీనికి దగ్గర్లో కాబట్టి మీ అదృష్టం. పిల్ల ఎదుగుతా ఉంటే వంపు లోపలి వైపు కొత్త ఎముక పోసుకుంటది, బయటికి పొడుచుకొచ్చింది అరగదీసుకుంటది. ఏడాదో, ఇంకా కాస్త ఎక్కువో. ఒకరోజు చూసేసరికి ఏ చెయ్యి విరిగిందో మీరే చెప్పలేరు."

"దానంతట అదేనాండి?"

"దానంతట అదే. అన్ని విరుపులూ ఇలా సర్దుకోవండోయ్, మోచేతి దగ్గరయితే నేనింత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు. పైగా ఇది పిల్లలకే ఉన్న సుఖం. మీకో నాకో విరిగితే నెలలు పట్టుద్ది, వంకరగా అతికిందంటే వంకరే. మన ఎదుగుదల అయిపోయింది కదా."

కొత్త పిండికట్టు తడితడిగా చుడుతుంటే హారిక పెదవి కొరుక్కుని చూస్తోంది. క్రిస్టీనా గారు చుడుతూనే ఆ పిల్లకి పాఠం చెప్పేరు. వేళ్ళు అస్తమానం ఆడిస్తా ఉండాలి. పడుకున్నప్పుడు చెయ్యి దిండు మీద, గుండె కంటే ఎత్తులో. తడపకూడదు. ఆ చేత్తో బరువెత్తకూడదు. వేళ్ళు నీలంగా అయినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా ఆ పూటే రావాలి. హారిక ఎక్కాల్లాగ తిరిగి అప్పజెప్పింది.

"నీకు బుద్ధి ఎక్కువుంది, మీ నాన్నకి చెప్పు," అన్నారు ఆవిడ. తర్వాత వీరబాబు వైపు తిరక్కుండానే అడిగేరు. "ఇంతకీ ఏం కొంప మునిగిందని విప్పేరండీ?"

"వాళ్ళమ్మ కువైట్లో ఉందండి. వీడియోలో నిలువెత్తున చూస్తానందండి."

"ఆవిడకి తెలీదా?"

"తెలీదండి."

క్రిస్టీనా గారు కట్టు చివర నున్నగా రాసేరు, చేతులు కడుక్కున్నారు. "ఈసారి ఆవిడకి తెలిస్తే, ఈ కట్టు నిలబడుద్దనిపిస్తోందండి నాకు," అన్నారు, తువ్వాలుకి చేతులు తుడుచుకుంటా.

*

ఆ వారం వీరబాబు కమతంలో పని చేసేడు, చేసేడంటే చేసేడు. సూరిబాబు ఎదురొచ్చి "బావా, నేనేదో నోటికొచ్చి..." అంటే, "నీ తప్పేముంది, చేతులు నావి," అన్నాడు. దుంగ మీద పాచి గీకించేడు, పక్కన పట్టుకోడానికి వెదురు కట్టేడు. ముందే కట్టాల్సింది.

శుక్రవారం మళ్ళీ వచ్చింది. బియ్యం డబ్బా, కొబ్బరికాయ, ఒళ్ళో దిండు. మంగాయమ్మ చీర తెచ్చి కట్టు మీద కప్పబోతే వీరబాబు అన్నాడు.

"ఈవేళ చెప్పేస్తానమ్మా."

"ఏం చెప్తావు? నేనే ఇరగ్గొట్టేనని చెప్తావా?" మంగాయమ్మ గొంతు తగ్గించింది. "ఒరే, ఇక్కడైతే మనం ముగ్గురం ఉన్నాం. అక్కడ అది ఏడిస్తే వీపు నిమిరే దిక్కు లేదు. ఏ పొయ్యి ముందో నుంచుని ఏడుస్తా చెయ్యి కాల్చుకుంటది. కట్టు విప్పేక చెప్దాం."

"ముందు కూడా అలాగే అన్నాం కదా."

మంగాయమ్మ చీర మాత్రం కప్పేసింది. ఫోను మోగింది.

దుర్గ మొహం. ఎప్పట్లాగే దగ్గరగా, ఎప్పట్లాగే క్లిప్పు. "ఏమ్మా, గౌను ఏదీ? వేసుకోలేదా? నీ స్నేహితులకి చూపించేవా?"

"దుర్గా," అన్నాడు వీరబాబు. ఫోను ముందున్న కొబ్బరికాయ సర్దేడు. "దుర్గా, ఇటు చూడు..."

"ఏంటి బావా?"

"ఏం లేదు. వానలెలా ఉన్నాయక్కడ?"

"కువైట్లో వానేంటి బావా!" దుర్గ నవ్వింది. నవ్వి, పక్కనున్న టీ గ్లాసు ఎడం చేత్తో అందుకుని తాగింది. గ్లాసు పెట్టేసి అదే చేత్తో మూతి తుడుచుకుంది.

హారిక మాత్రం నవ్వలేదు. ముందుకి వంగి తెరలోకి చూస్తోంది, బళ్ళో ఎవరైనా తన పలక చూసి రాస్తుంటే చూసినట్టు.

"అమ్మా, నీ ఫోను ముందు ఏం అడ్డం పెట్టేవు?"

"ఏంటే?"

"ఫోను జారిపోకుండా. ఏం పెట్టేవు?"

"ఉప్పు డబ్బా. ఏం?"

"మేం కొబ్బరికాయ పెడతాం." హారిక మొహం ఇంకా దగ్గరికి తెచ్చింది. "నీ కుడి చెయ్యి ఎక్కడుందమ్మా?"

దుర్గ కళ్ళు ఒకసారి కిందికి వెళ్ళి పైకొచ్చేయి. "ఒళ్ళో ఉందే. ఎక్కడుంటది?"

"దిండు మీదా?"

కువైట్లో కుళాయి కారుతున్న చప్పుడు ఇక్కడికి వినపడింది.

హారిక ఎడం చేత్తో చీర లాగి పక్కన పడేసింది. పిండికట్టు చెయ్యి రెండో చేత్తో పట్టుకుని, పైకెత్తి, తెర ముందు పెట్టింది. "నాదీ," అంది.

దుర్గ ఎడంచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు మెల్లిగా, తెర కింద నుంచి కుడి చెయ్యి పైకొచ్చింది. పిండికట్టేం లేదు. మణికట్టు చుట్టూ పాత చున్నీ ముక్క. అది విప్పింది. కింద ఎముక గరిటె కాడలా వంగి ఉంది.

మంగాయమ్మ "నా తల్లే," అని గోడకి చేరబడిపోయింది.

"బాత్రూం కడుగుతుంటే సబ్బునీళ్ళలో జారేను," అంది దుర్గ, అదేదో పక్కింటి వాళ్ళ సంగతి అయినట్టు. "మేడం ఆసుపత్రికి తీసుకెళ్ళింది, కట్టేసేరు. ఇంటికొచ్చేక అంట్లు అంట్లే, ఇల్లు ఇల్లే. కట్టుతో ఎలా తోమను బావా? తడిసి తడిసి ముద్దైపోయింది. నేనే పీకేసేను."

"ఎప్పుడే?"

"పిల్ల పుట్టిన్రోజుకి ముందు."

హారిక పుట్టిన్రోజు ఎండాకాలంలో. బోదె ఎండిపోయుండగా. వీరబాబు అప్పణ్ణుంచి ఇప్పటిదాకా వచ్చిన శుక్రవారాలన్నీ తల్చుకున్నాడు, క్లిప్పు, దగ్గరగా పెట్టిన మొహం, ఎడం చేత్తో టీ గ్లాసు. అన్నీ చూసేడు. దేన్నీ చూళ్ళేదు.

"చెప్పొచ్చు కదే," అంది మంగాయమ్మ.

"చెప్తే అక్కడ కూర్చుని ఏడవడం తప్ప మీరేం చేత్తారత్తా?"

మంగాయమ్మ కింద పడున్న చీర తీసుకుని ఒళ్ళో మడత పెట్టింది.

"నొప్పుందా అమ్మా?" అంది హారిక.

"నొప్పి కాదే, పట్టు రాదు. జడేసుకోడానికి రాదు."

"వేళ్ళు ఆడించు."

"ఏంటి?"

"ఇదిగో ఇలాగ." హారిక పిండికట్టు చివర్నుంచి బయటికొచ్చిన వేళ్ళు ఆడించింది. "అస్తమానం ఆడించాలి. డాక్టరమ్మ గారు చెప్పేరు. పడుకున్నప్పుడు దిండు మీద పెట్టుకో. బరువెత్తకూడదు."

దుర్గ ఆడించింది. నాలుగు వేళ్ళు కదిలేయి. బొటనవేలు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇద్దరూ కాసేపు అలాగే, తెరకి అటొకరూ ఇటొకరూ.

"దానికేమయ్యింది బావా?" అంది దుర్గ, వేళ్ళు ఆపకుండానే. "ఉన్నదున్నట్టు చెప్పు."

వీరబాబు చెప్పేడు. దుంగ, వాన, మొదటి కట్టు. గౌను. బకెట్లో నీళ్ళు. తన చేతులతో తానే వలవడం. బోరింగు.

"నీకు బుద్ధుందా బావా!" దుర్గ గొంతు పగిలిపోయింది. "కాయ పిలక తెగితేనే అన్నం తినని మనిషివి, పిల్ల కట్టు మీద చెయ్యెలా వేసేవు? గౌనుదేముంది, మంటల్లో పెట్టలేకపోయేవా దాన్ని? రెండోసారి ఇరిగిందంటే ఎంత నొప్పెట్టుంటదో తెలుసా నీకు? నాకు తెలుసు!"

"తిట్టు," అన్నాడు వీరబాబు. "తిట్టు, వింటాను."

తిట్టింది. ఏడ్చింది. ఏడుస్తానే మధ్యలో, "వంకరైపోద్దా?" అని అడిగింది.

"పోదంట. ఎదుగుతా ఎదుగుతా దానంతట అదే సర్దుకుంటదంట. డాక్టరమ్మ గారు ఫోటోలో చూపించేరు."

దుర్గ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. అంతలో అక్కడ కారు హారను మోగింది. గబగబా చున్నీ ముక్క మణికట్టుకి చుట్టుకుంటా, చివర పళ్ళతో బిగించుకుంటా, "వచ్చేసేరు, ఉంటాను," అంది. ఎడంచెయ్యి తెర మీదికొచ్చింది, తెర నల్లగా అయిపోయింది.

అరుగు మీద హారిక ఇంకా వేళ్ళు ఆడిస్తానే ఉంది.

"నాన్నా, అమ్మది కూడా ఎదుగుతా సర్దుకుంటది కదా?"

"సర్దుకోకేం తల్లీ," అంది మంగాయమ్మ వెంటనే, కొంగుతో కళ్ళొత్తుకుంటా, "బంగారంలాగ సర్దు..."

"సర్దుకోదమ్మలూ," అన్నాడు వీరబాబు. పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "అమ్మ ఎదగడం అయిపోయింది. దాని ఎముక దానంతట అది సరవ్వదు. డాక్టరమ్మ గారు చెయ్యి పెట్టాల్సిందే."

"మరి డాక్టరమ్మ గారు ఇక్కడున్నారు కదా."

"అందుకే అమ్మని తీసుకొచ్చేద్దాం."

లేచి, దండెం మీంచి చొక్కా తీసి తొడుక్కున్నాడు. బంగారమ్మ గారింటికెళ్ళి, ఆవిడ చేత కొడుక్కి ఫోను చేయించాలి. అతనక్కడే ఉన్నాడు, ఆ ఇంటికెళ్ళి ఆ మేడంతో మాట్లాడగలడు, వినకపోతే ఎవరి దగ్గరికెళ్ళాలో అతనికే తెలుసు.

"ఒరే," మంగాయమ్మ వెనకనుంచి పిలిచింది. "బంగారమ్మ గారికి చెప్తే సాయంత్రానికి వీధంతా తెలిసిపోద్ది. ఆవిడకి ఎంతవరకు చెప్తావు?"

వీరబాబు వెదురు పట్టుకుని దుంగ మీద కాలు పెట్టేడు.

"అంతా," అన్నాడు.